మాట తెర మీది నుంచే రావాలంటే

ఐదు స్పీకర్లూ ఒక సబ్‌వూఫర్‌తో వినే 5.1 పద్ధతిలో తయారైన సినిమా సౌండ్‌ట్రాక్‌లో పాత్రల మాటలు దాదాపు అన్నీ మధ్య చానల్‌లోనే ఉంటాయి. సంగీతం, వాన చప్పుడు, జనం గోల కుడి ఎడమలకూ వెనక్కూ వెళ్తాయి. పాట బాగానే ఉంది, మాటే అర్థం కావట్లేదని ఇంట్లో ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది సెంటర్ స్పీకర్‌నూ, దాన్ని పెట్టిన చోటునూ.

సరిగ్గా నడుమ కూర్చునే ఒక్క మనిషికి రెండు స్పీకర్లు చాలు. రెండింటి నుంచీ ఒకే మాట ఒకేసారి చెవిన పడితే మెదడు దాన్ని మధ్య నుంచి వచ్చినట్టే లెక్కగడుతుంది. మనిషి పక్కకు జరిగితే దగ్గరి స్పీకర్ ధ్వని ముందుగా చేరుతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. అంటే దూరంలో 35 సెంటీమీటర్ల తేడా వస్తే కాలంలో ఒక మిల్లీసెకను తేడా. ఆపాటి తేడాకే మాట తెరను వదిలి ఆ పక్క స్పీకర్‌లోకి దిగిపోతుంది. బాన్సువాడ లాంటి ఊళ్లో పండక్కి బిడ్డలూ అల్లుళ్లూ వస్తే సోఫా, దివాన్, నేల మీది చాప అన్నీ నిండుతాయి. నడుమ చోటు దక్కేది ఒక్కరికే. మిగతావారి కోసమే మధ్య చానల్. ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. 1933 ఏప్రిల్‌లో బెల్ ప్రయోగశాలల వారు ఫిలడెల్ఫియాలోని ఆర్కెస్ట్రా సంగీతాన్ని తీగల మీద వాషింగ్టన్‌కు పంపి, అక్కడి సభాభవనంలో ఎడమ, మధ్య, కుడి అని మూడు చానళ్లతో వినిపించారు.

ఎంపికలో మొదటి మాట, కుడి ఎడమ స్పీకర్ల సిరీస్‌లోదే సెంటర్ కూడా కావాలి. తెర మీద కారు ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంటే నడిమధ్యన ఇంజిన్ గొంతు మారకూడదు కదా. అంతకంటే పెద్ద చిక్కు దాని ఆకారంతో వస్తుంది. టీవీ కింద ఇమడాలని చాలా సెంటర్ స్పీకర్లను అడ్డంగా చేస్తారు: నడుమ సన్నని ధ్వనులు పలికే ట్వీటర్, అటూ ఇటూ మిగతాది పలికే ఒక్కో వూఫర్. వూఫర్ల మధ్య 30 సెంటీమీటర్లు ఉన్నాయనుకుందాం. 30 డిగ్రీలు పక్కకు కూర్చున్నవారికి ఒక వూఫర్ రెండోదాని కంటే 15 సెంటీమీటర్లు దూరమవుతుంది. సుమారు 1,140 హెర్ట్జ్ దగ్గర ఆ తేడా సరిగ్గా అర తరంగం. ఒకదాని ధ్వనిని రెండోది కొట్టేస్తుంది. అది మనిషి గొంతు పలికే మేరలోనే ఉంది. పక్క సీట్ల కోసం కొన్న స్పీకర్ పక్క సీట్లకే సరిగా పలకదన్నమాట! ట్వీటర్ కిందనే నడిమి ధ్వనులు పలికే చిన్న మిడ్‌రేంజ్‌ను నిలువుగా అమర్చిన త్రీ-వే రకంలో ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. చోటుంటే కుడి ఎడమల్లాంటిదే మూడోది నిలువుగా పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు.

పెట్టే చోటు చెవి ఎత్తుకు ఎంత దగ్గరైతే అంత మంచిది. సోఫాలో కూర్చున్నవారి చెవి నేల నుంచి సుమారు మీటరు ఎత్తున ఉంటుంది. టీవీ యూనిట్ బల్ల తరచూ అర మీటరే. మూడు మీటర్ల దూరం నుంచి చూస్తే స్పీకర్‌ను పైకి తిప్పాల్సిన కోణం తొమ్మిదిన్నర డిగ్రీలు. పెట్టె లోతు 30 సెంటీమీటర్లయితే ముందు అంచు కింద 5 సెంటీమీటర్ల ఎత్తున రబ్బరు దిమ్మలు పెడితే సరిపోతుంది. ముందు ముఖం బల్ల అంచుతో సమంగా ఉండాలి, లేకపోతే బల్ల మీద పడి తిరిగొచ్చే ధ్వని అసలు మాటతో కలిసి దాన్ని పాడుచేస్తుంది. షోకేసు అరలో లోపలికి నెట్టి పెడితే మగ గొంతులు కుండలోంచి మాట్లాడినట్టు ఉంటాయి.

ఇక గది. గూనపెంకుల కప్పు సందుల్లోంచి ధ్వని కొంత బయటికి పోయేది. ఇప్పటి స్లాబు ఇంట్లో సిమెంటు గోడలు, టైల్స్ నేల మీద పడ్డ ధ్వనిలో సుమారు 3 శాతమే ఇంకిపోతుందనుకుంటే, 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఖాళీ హాలులో మోత 60 డెసిబెల్స్ తగ్గడానికి సబైన్ సూత్రం ప్రకారం 3 సెకన్లకు పైగా పడుతుంది. మాట స్పష్టంగా వినాలంటే అది అర సెకను దాటకూడదు. మడతలున్న మందపాటి కర్టెన్లు, గుడ్డ సోఫా, నేల మీద పరుపు ఇక్కడ చేసే మేలు ఖరీదైన స్పీకర్ చేయలేదు. ఎండాకాలం కూలర్ హోరు వేరే సంగతి. స, ఫ లాంటి మెత్తని హల్లులను అది కప్పేస్తుంది గనుక సెంటర్ చానల్‌ను రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవడం తప్పేమీ కాదు.

స్పీకర్లన్నిటినీ నడిపే ఏవీ రిసీవర్‌లో ప్రతి స్పీకర్ దూరాన్నీ టేపుతో కొలిచి నమోదు చేయాలి. స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ ధ్వనిని విడగొట్టే హద్దు, క్రాసోవర్, మామూలుగా 80 హెర్ట్జ్. ఆ కిందిది సబ్‌వూఫర్ చూసుకుంటుంది. సినిమా ఎప్పుడూ ఒకరిద్దరే, అదీ నడుమ కూర్చుని చూసే ఇంట్లో నాసి సెంటర్ కంటే అది లేకపోవడమే నయం. అప్పుడు రిసీవర్ సెట్టింగ్‌లో సెంటర్ లేదని తప్పక చెప్పాలి. చెబితే మాటలు కుడి ఎడమలకు సమానంగా మళ్లుతాయి. చెప్పకపోతే పెదవులు కదులుతుంటాయి, మాట మాత్రం ఎక్కడా వినిపించదు.