రాతినేల పొద వాక్కాయ

వాక్కాయ గన్నేరు కుటుంబపు ముళ్లపొద. కొమ్మ తుంచితే పాలు కారతాయి, మల్లెలాంటి తెల్లని పూలు పూస్తాయి, ఏడాది పొడుగునా ఆకు పచ్చగా ఉంటుంది. దీని చుట్టమే చిన్న నల్లపండ్ల కలివి. దక్కన్ ముళ్లచిట్టడవుల పొద అది. 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ కనిపించిన అరుదైన పక్షి కలివికోడి పేరులోనూ ఆ పొద పేరే వినిపిస్తుంది. హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి గుట్టలూ ఒకప్పుడు ఇలాంటి ముళ్లపొదల నేలే. 1998లో ఐటీ భవనం సైబర్ టవర్స్ మొదలయ్యాక బండలు పగిలి మేడలు లేచాయి. ఆ మేడల చుట్టూ ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఎక్కడినుంచో తెచ్చిన అలంకారపు మొక్కలే. పలుచని ఎర్రమట్టి, కింద గ్రానైట్, నడివేసవి ఎండ, ఇవన్నీ వాక్కాయకు అలవాటైన సంగతులు. అందుకే ఇక్కడి ఇంటి ప్రహరీ పక్కన దానికి చోటివ్వడం ఎంతో సబబు.

వాక్కాయకు నిలవనీరు మాత్రం గిట్టదు. కొత్త ఇళ్ల దగ్గర సిమెంటు పెళ్లలు, కంకర మట్టిలో కలిసి నీరు ఇంకనివ్వవు. వాటిని ఏరేసి, రెండడుగుల గుంత తీసి, మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి తొలకరికి నాటాలి. కంచెగా కావాలంటే మొక్కకూ మొక్కకూ మూడడుగులు చాలు. ఎత్తైన భవనం నీడలో పొద బతుకుతుంది కానీ కాపు పలచబడుతుంది.

విత్తనంతో పెంచాలంటే పప్పులోకని అమ్మే పచ్చి వాక్కాయలు పనికిరావు. బాగా మాగి నల్లబడ్డ పండులోని గింజను ఎండబెట్టి దాచకుండా వెంటనే నాటాలి. నిలవ ఉంచితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. అంటుమొక్క తెస్తే కాపు తొందరగా వస్తుంది. మొదటి రెండు వేసవులు నీళ్లు పోస్తే ఆ తర్వాత పొద తన సంగతి తానే చూసుకుంటుంది.

కత్తిరింపు కాపు అయిపోయాకే చేయాలి. పూత లేత చిగుళ్ల కొసన వస్తుంది కనుక వేసవి ముందు నున్నగా కత్తిరిస్తే ఆ ఏటి కాయలు పోయినట్టే. ముళ్లు గట్టివి, లోతుగా దిగుతాయి. పిల్లలు ఆడే చోట, నడకదారి అంచున ఈ పొద వద్దు.

కాయలు వానాకాలంలో కోతకొస్తాయి. పచ్చివాటితో పప్పు, పచ్చడి, పులిహోర చేస్తారు. గింజ తీసి, రంగు వేసి, పాకంలో నానబెట్టినవి బేకరీల్లో చెర్రీలుగా చెలామణి అవుతాయి. కొమ్మనే వదిలేసి నల్లబడనిచ్చినవి కాస్త తీపెక్కుతాయి. విత్తనానికీ, పికిలిపిట్టలకూ పనికొచ్చేవి అవే.