సరిహద్దు దాటు తుపాకులు

మెక్సికోలో పౌరుడు న్యాయముగా తుపాకి కొనవలెనన్న సైన్యము నడుపు దుకాణమునకే పోవలెను. అయినను అచ్చటి ముఠాలకు ఆయుధముల కొదవ లేదు, ఏలయన ఉత్తరమున టెక్సాస్, అరిజోనా రాష్ట్రములలో అవి బజారు సరకు. నేరచరిత్ర లేని ఒక కుఱ్ఱవాడు అంగడికి పోయి, తన కొఱకేయని పత్రముపై సంతకము చేసి రైఫిలు కొని, కొంత సొమ్ము పుచ్చుకొని మరియొకరి చేత పెట్టును. అది కారులో దాగి సరిహద్దు దాటును. ఇట్టి బినామీ కొనుగోలును ప్రత్యేక నేరముగా ప్రకటించుటకు అమెరికా సమాఖ్య ప్రభుత్వమునకు 2022 వరకు తీరిక చిక్కకపోవుట వింతయే! పట్టుబడిన తుపాకి వరుససంఖ్యను బట్టి తొలి కొనుగోలుదారుని వెదకుదురు గాని, ఆ సంఖ్యను అరగదీసినచో జాడ కష్టమగును. 2021లో మెక్సికో ప్రభుత్వము తయారీ సంస్థలపైననే వ్యాజ్యము వేయగా, వానికి రక్షణనిచ్చు 2005 నాటి చట్టము నాధారముగా గొని, 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఆ వ్యాజ్యమును త్రోసిపుచ్చినది.