చీనీ పూర్ణము, వాము పొర

చీనీపండు పులివెందుల తోటలది. వాము కర్నూలు నల్లరేగడి చేలది. ఈ రెండును ఒక్క పళ్ళెమున కలియు వంటకమును గూర్చి నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి. దాని పేరు టార్టు. పిండితో చేసి కాల్చిన పళ్ళెములో పులుపుదీపుల పూర్ణము నింపుటయే టార్టు. అది మన కజ్జికాయకు దూరపు చుట్టము; కాని దానికి పైమూత లేదు.

వంటకము ఐరోపావారిది. పదార్థములు మాత్రము మనకు క్రొత్తవి కావు. నిమ్మ, నారింజ జాతుల తొలి నివాసము హిమాలయముల దిగువ ప్రాంతమని 2018లో వెలువడిన జన్యు పరిశోధన తెలిపినది. కోస్తావారు బత్తాయి అను పండును మనము చీనీ అందుము. ఆ పేరులోనే చీనా దేశము వినిపించుచున్నది. ఇక వాము మాట. పాశ్చాత్యులు ఇట్టి పిండిలో థైము అను ఆకును కలుపుదురు. ఆ ఆకునకు ఘాటైన వాసన నిచ్చునది థైమాల్ అను పదార్థము. మన వాములోని వాసనయు ముఖ్యముగా దానిదే. కావున థైము దొరకలేదని చింతింప బనిలేదు.

మొదట పిండిపొర. మైదా 200 గ్రాములు, చల్లని వెన్న 100 గ్రాములు, చెంచా చక్కెర, చిటికెడు ఉప్పు, నలిపిన వాము అరచెంచా తీసికొనవలెను. వెన్నను పిండిలో వ్రేళ్ళ కొసలతో రవ్వవలె నలిపి, రెండు మూడు పెద్ద చెంచాల చల్లని నీటితో ముద్ద చేయవలెను. చపాతి పిండివలె మర్దింపరాదు. మర్దించినకొలది పిండి సాగును. సాగిన పిండి కాలిన పిమ్మట గట్టిపడును. వెన్న పిండి రేణువులకు అడ్డుపడి ఆ సాగుడును నిలుపును. అయితే వెన్న సుమారు 35 డిగ్రీల వేడికే కరగును. వేసవి పగటివేళ మన వంటయింట వేడి అంతకు మించియే యుండును. కావున ఈ పని తెల్లవారుజామున చేయుట మేలు. ముద్దను అరగంట చల్లని చోట నుంచి, ఒత్తి, 22 సెంటీమీటర్ల అంచుపళ్ళెమున పరచి, ముల్లుగరిటెతో అక్కడక్కడ పొడువవలెను. పైన కాగితము వేసి శనగలు పోసినచో పొర పొంగదు.

ఓవెను గలవారు దీనిని 180 డిగ్రీలలో 20 నిమిషములు కాల్చి, కాగితమును శనగలను తీసివేసి, మరి పది నిమిషములు ఉంచవలెను. లేనివారు అడుగు మందమైన గిన్నెలో రెండంగుళముల ఇసుక పోసి, దానిమీద చిన్న స్టాండు పెట్టి, మూతవేసి పావుగంట కాచి, పళ్ళెమును అందుంచవలెను. సుమారు ముప్పావుగంటలో అంచు ఎఱ్ఱబడును. కాల్చవలసినది ఈ పొర నొక్కదానినే. పూర్ణము పొయ్యిమీదనే సిద్ధమగును.

ఆ పూర్ణమునందే మేమొకమారు భంగపడితిమి. రసము నంతయు మొదటనే పోసి ఉడికించితిమి. పూర్ణము చిక్కబడినట్లే కనబడి, చల్లారిన పిమ్మట చారువలె పారినది. కారణము తరువాత తెలిసికొంటిమి. పులుపు మంటమీద నున్నంతసేపు గంజి బిగువును త్రెంచుచుండును. అందుచే పులుపు చివర చేరవలెను.

క్రమ మిట్లు: 250 మిల్లీలీటర్ల నీటిలో 40 గ్రాముల కార్న్‌ఫ్లోరు, 175 గ్రాముల చక్కెర, ఒక చీనీపండు తొక్కమీది రంగు పొర తురుము కలిపి, విడువక త్రిప్పుచు చిక్కబడువరకు ఉడికింపవలెను. తొక్కక్రింది తెల్లని పొర చేదు. తురుమునపుడు దానిని తాకరాదు. నాలుగు గ్రుడ్ల పచ్చసొనలో ముందుగా రెండు గరిటెల వేడి గంజి పోసి కలిపి, ఆపై గిన్నెలో చేర్పవలెను. ఒక్కసారిగా పోసినచో సొన విరిగి ముద్దలగును. చేర్చిన తరువాత ఒక నిమిషము బుడగలు వచ్చునట్లు ఉడుకనీయవలెను. పచ్చసొనలో గంజిని కరగించు ఎంజైమొకటి కలదు. ఆ వేడికే అది నశించును. అప్పుడు గిన్నె దింపి, నిమ్మరసము 60, చీనీరసము 80 మిల్లీలీటర్లు, వెన్న 30 గ్రాములు కలుపవలెను. గ్రుడ్లు ముట్టనివారు సొన మాని కార్న్‌ఫ్లోరును 10 గ్రాములు హెచ్చింపవచ్చును. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుపు వండరాదని మన పెద్దలు చెప్పినమాట ఇచ్చటను వర్తించును. వేడి పూర్ణమును చల్లారిన పొరలో పోసి, నాలుగు గంటలు కదల్పక యుంచిన, కత్తికి నిలుచు ముక్క వచ్చును.

ఇంత జాగ్రత్త యేల యని మీరడుగవచ్చును. ఆ పండు వెనుక నున్న నీటిని దలచుకొనుడు. కరవు సంవత్సరములలో బోర్లు ఎండిపోగా, ట్యాంకర్లతో నీరు తెచ్చి చీనీచెట్లను బ్రదికించుకొన్న రైతులు మన సీమలో అనేకులు. చెట్టు ఎండిన ఏండ్ల శ్రమ ఎండినట్లే. ధర పడిపోయిననాడు ఆ కాయయే బండిమీద చౌకగా పోవును. చిన్నదని వ్యాపారి ఏరివేసిన కాయలోను రసము అదే, పరిమళము అదే. ఈమారు సంతలో అట్టివి కనబడినచో నాలుగు కొని తెండు. పులుపును మాత్రము చివరనే కలుపుడు.