మీకు తెలుసా? ముసిముసి నవ్వుల చుట్టరికం

‘సుస్మిత’ పేరులోని ‘స్మితం’, ఇంగ్లిష్ ‘స్మైల్’ ఒకే ధాతువుకు పుట్టిన దూరపు చుట్టాలు!

• నాట్యశాస్త్రం చెప్పిన ఆరు నవ్వుల్లో స్మితమే మొదటిది. చెక్కిళ్లు కొంచెం విప్పారాలి, పళ్లు మాత్రం కనిపించకూడదు. పళ్లు కాస్త కనిపించాయా, అది ‘హసితం’.

• తెలుగు ‘నవ్వు’ది వేరే ఇల్లు. దాని తోడు రూపం ‘నగు’ నేటికీ ‘నగుబాటు’లో బతికే ఉంది. కన్నడలోనూ ‘నగు’, తమిళంలో ‘నగై’.

• శబరి ఒడ్డున, ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన ఉన్న కొంటాలో తెలుగూ హిందీ రెండూ వినిపిస్తాయి. చప్పుడు చేయని నవ్వుకు తెలుగులో ‘ముసిముసి నవ్వు’, హిందీలో ‘ముస్కాన్’. రెంటికీ మొదటి అక్షరం ‘ము’. పెదవులు కలపకుండా పలకలేం. కావాలంటే అని చూడండి!