వాయిదాల వడ్డీలో వరుస లెక్క

మదనపల్లె మండీకి టమోటా తోలు రైతుగాని, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పట్టుపురుగులు పెంచు రైతుగాని అప్పుపత్రముపై సంతకము చేయునపుడు వడ్డీ శాతమునే చూచును. ఆ శాతమును దేనిమీద కట్టుదురో అడుగువారు తక్కువ.

ఒక సభ్యుడు బావి మోటారుకై 60,000 రూపాయలు, ఏటికి నూటికి 10 రూపాయల వడ్డీకి, 10 సంవత్సరముల గడువుతో తీసికొనెననుకొందము. ప్రతి సంవత్సరాంతమున అసలులో 6,000 రూపాయలును, అప్పటి బాకీపై వడ్డీయు చెల్లింపవలెను. మొదటి యేటి వడ్డీ 6,000. రెండవ యేట బాకీ 54,000 గనుక వడ్డీ 5,400. మూడవ యేట 4,800. ఏటేట 600 తరుగుచున్నది. ఇట్లు ఒకే మొత్తముచొప్పున పెరుగుచుగాని తరుగుచుగాని పోవు సంఖ్యల వరుసకు అంకశ్రేఢి యని పేరు. ఇది మనకు క్రొత్త విద్య గాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమున శ్రేఢుల లెక్కలు గలవు. దానిని పావులూరి మల్లన తెనిగించెను. మొదటి సంఖ్యను ఆది యనియు, మార్పును చయమనియు, సంఖ్యలెన్నియో దానిని గచ్ఛమనియు పూర్వులు వ్యవహరించిరి.

ఎనిమిదవ యేటి వడ్డీ యెంత? అప్పటికి తరుగుదల 7 మారులే జరిగియుండును. 600ను 7చే గుణింపగా 4,200. 6,000లో దానిని తీసివేయగా 1,800. ఇచ్చట 8చే గుణించి తప్పువారు పెక్కండ్రు. కంచెకు 8 రాతికూసములు నాటినచో నడుమ సందులు 7 గదా!

మొత్తము వడ్డీకి పదియేండ్లను కూడనక్కరలేదు. మొదటి యేటి 6,000, కడపటి యేటి 600 కలిసి 6,600. రెండవది 5,400, తొమ్మిదవది 1,200. అవియు కలిసి 6,600. ఇట్టి జతలు 5 గనుక మొత్తము 33,000 రూపాయలు.

వేరొకచో అదే 10 శాతమును, తీరిన అసలును లెక్కింపక, ఏటేట మొదటి 60,000 మీదనే కట్టుదురు. దీనిని ఫ్లాటు వడ్డీ యందురు. అప్పుడు పదియేండ్ల వడ్డీ 60,000 రూపాయలగును. శాతమొక్కటియే, భేదము 27,000. పత్రములో అబద్ధమేమియు నుండదు, రైతు మాత్రము నష్టపడును.

అసలు వడ్డీలు కలిపి ప్రతి వాయిదాకు ఒకే మొత్తము కట్టు పద్ధతిలో వడ్డీ సమముగా తరుగదు. కావున ఈ సూత్రము అచ్చట చెల్లదు. వాయిదా తప్పినను వరుస చెడును. తక్కిన అప్పులకు పాసుపుస్తకములో వరుసగా రెండేండ్ల వడ్డీలు చూచి, పెద్దదానిలో చిన్నదానిని తీసివేయుడు. శేషము ఒక వాయిదా అసలుపై ఒక యేటి వడ్డీకి సరిపోవలెను. సరిపోనిచో తరువాతి వాయిదా కట్టుటకు ముందే కార్యదర్శి నడిగి లెక్క చూపించుకొనుడు.