క్లోజ్ అయిందంటే ఏది అయినట్టు?

2009లో ఒక రిటైర్డ్ మాస్టారు మా బ్యాంకు కౌంటరు దగ్గరికి వచ్చి, అమెరికాలో కొడుకు ఇల్లు ఫోర్‌క్లోజ్ అయిందని సంబరంగా చెప్పారు. కొన్నాళ్ల ముందే ఆయన తన ఇంటి లోను గడువుకన్నా ముందు తీర్చేసి, మా దగ్గర ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంటు తీసుకున్నారు. కొడుకు కూడా అదే చేశాడనుకున్నారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, వాయిదాలు కట్టలేకపోతే బ్యాంకు ఇల్లు లాగేసుకోవడాన్ని అక్కడ ఆ మాటతో చెబుతారని నెమ్మదిగా వివరించాను. “వాడు ఫోన్లో మామూలుగానే మాట్లాడాడమ్మా” అన్నారు. 2008 సంక్షోభంలో అమెరికాలో లక్షల కుటుంబాలకు అలాగే ఇళ్లు పోయాయి.

మన చట్టంలోనూ ఆ మాటకు అసలు అర్థం అదే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఫోర్‌క్లోజర్ అంటే, తాకట్టు పెట్టినవాడికి ఆస్తి విడిపించుకునే హక్కు లేకుండా కోర్టు డిక్రీ ఇవ్వడం. బ్యాంకు వాడుకలో అది ‘ముందే తీర్చడం’గా మారింది. బకాయి పడ్డ ఇంటిని స్వాధీనం చేసుకోవాలంటే ఇక్కడి బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇస్తాయి. మాస్టారిలా ముందే తీర్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వ్యక్తుల ఇంటి లోనుకు ఫ్లోటింగ్ వడ్డీ అయితే, ముందే తీర్చినందుకు బ్యాంకులు చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది.

ఉద్యోగంలో ఎక్కువ కాలం నేను గోదావరి తీరంలోని బ్రాంచీల్లో లోన్ల సెక్షన్‌లోనే ఉన్నాను. ఆఖరి వాయిదా కట్టి రసీదు జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లను చూసినప్పుడల్లా వెనక్కి పిలవాలనిపించేది. బాకీ సున్నా అయినంత మాత్రాన తాకట్టు తీరిపోదు. నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఒరిజినల్ దస్తావేజులు ఒక్కొక్క కాగితం సరిచూసుకుని తీసుకోవాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తాకట్టు రిజిస్టరై ఉంటే దాన్ని రద్దు చేయించి, కొత్త ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూసుకోవాలి. లేకపోతే పదేళ్ల తర్వాత అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవాడు ఈసీ చేతిలో పట్టుకుని వెనక్కి తగ్గుతాడు. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, ఇంటి లోను లాంటి వ్యక్తిగత రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు దస్తావేజులు తిరిగివ్వాలి, తాకట్టు నమోదునూ తీయించాలి. తప్పు బ్యాంకుదైతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు చెల్లించాలి. ఇది అడిగి తీసుకోవాల్సిన హక్కు. మొహమాటపడకండి.

‘సెటిల్డ్’ అనే ఇంకో ముగింపు ఉంది, అది మరీ మోసం చేస్తుంది. కట్టలేని స్థితిలో కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకుంటే, క్రెడిట్ రిపోర్టులో ఆ లోను పక్కన ‘క్లోజ్డ్’ అని రాదు, ‘సెటిల్డ్’ అని వస్తుంది. మళ్లీ లోనుకు వెళితే ఎదుటి మేనేజరు చూపు ముందు అక్కడే ఆగుతుంది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఈ సంగతి ఎవరూ చెప్పరు. నేను చెప్పేదాన్ని.

ఇక రైటాఫ్. పేపర్లో వేల కోట్లు రైటాఫ్ అని చదివి, మా అప్పు కూడా మాఫీ చేయొచ్చు కదా అని రైతులు అడిగేవారు. రెండూ వేరు. వసూలుకాని బాకీని బ్యాంకు తన ఆస్తుల పద్దులోంచి తీసేయడం రైటాఫ్. బాకీదారు మీద అప్పు అలాగే నిలిచి ఉంటుంది, వసూలు ప్రయత్నమూ సాగుతూనే ఉంటుంది. మాఫీలో అప్పే పోతుంది.

వీటన్నిటికీ ఏదో ఒక కాగితం ఉంది. కాగితం సరిపోని ముగింపు నాకు సముద్రం ఒడ్డున ఎదురైంది. 1996 నవంబరు 6 తుపానులో భైరవపాలెం, కాకినాడ తీరం నుంచి వేటకు వెళ్లిన మత్స్యకారులు వందల మంది తిరిగి రాలేదు. చాలామంది శవాలు కూడా దొరకలేదు. కొన్నేళ్ల తర్వాత అలాంటి ఇంటి ఇల్లాలు ఒకామె, భర్త పేరున ఉన్న కొద్దిపాటి సొమ్ము కోసం వచ్చింది. పోలీసుల కాగితాలు, పూచీ పత్రం అన్నీ సరిగానే ఉన్నాయి. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక, క్లోజ్డ్ ముద్ర కోసం పాస్‌బుక్కు అడిగాను. ఆమె ఇవ్వలేదు. “ముద్ర ఎయ్యకండి మేడంగారూ, ఆయనొత్తే ఏం చెప్పాలి?” అంది. నుదుట బొట్టు అలాగే ఉంది. నియమం ప్రకారం ముద్ర వేయాలి. వేశాను, లోపల ఆఖరి పద్దు కింద, చిన్నగా.

పాలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండాపోయిన పైలట్ల కుటుంబాలను పరిశీలించారు. మనిషి పోయాడో ఉన్నాడో తేలని దుఃఖానికి ఆమె ఒక పేరు పెట్టి, 1999లో దాని మీదే పుస్తకం రాశారు. మనసుకు ‘క్లోజర్’ దొరకాలనే ఆలోచనే భ్రమ అని తర్వాత రాసిన మరో పుస్తకం పేరులోనే చెప్పారు. ఆశ, దిగులు పక్కపక్కనే పెట్టుకుని బతకడం పిచ్చీ కాదు, మొండితనమూ కాదన్నది ఆమె మాట సారం. ఆ పాస్‌బుక్కును చూసినదాన్ని కాబట్టి నాకది పూర్తిగా నమ్మాలనిపిస్తుంది.

ఆ ఇల్లాలి మనసు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, చట్టం ఒక గడువు పెట్టింది. బతికుంటే సహజంగా కబురు తెలియాల్సిన వాళ్లకు ఏడేళ్లపాటు ఏ కబురూ లేకపోతే, ఆ మనిషి బతికే ఉన్నాడనేవాళ్లే దాన్ని రుజువు చేయాలి. పాత సాక్ష్యాల చట్టంలో ఇది 108వ సెక్షను, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111. చిన్న మొత్తాలకైతే పోలీసు ఎఫ్‌ఐఆర్, ఆచూకీ దొరకలేదన్న రిపోర్టు, పూచీ పత్రంతో బ్యాంకులు సరిపెట్టుకోవచ్చు. ఎంత మొత్తం వరకన్నది ఆ బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి.

అయితే చట్టం చనిపోయాడని అనుకుంటుందే తప్ప, ఏ రోజు చనిపోయాడో అనుకోదు. తప్పిపోయిన రోజే పోయాడని చెప్పాలంటే సాక్ష్యం చూపాలని 2004లో ఒక బీమా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే ఇంట్లో మనిషి తప్పిపోయి, ఆయన పేరున పాలసీ ఉంటే, ప్రీమియం ఆపకండి. ముందు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ కాపీ దగ్గర పెట్టుకోండి. ఆ ఏడేళ్లూ పాలసీ కొనసాగేలా కడుతూనే ఉండండి.