లావ్రాన్సు కూతురు

ఇటీవల నొక గ్రంథాలయమున వేరొక పుస్తకమును వెదకుచుండగా, అట్టలు వెలిసిపోయిన మూడు సంపుటముల నవల యొకటి మా చేతికి దొరకినది. నాలుగు పుటలు చూచి యథాస్థానమున నుంచవలెనని తెరచితిమి. ఉంచలేకపోతిమి. దాని పేరు "క్రిస్టిన్ లావ్రాన్స్‌దత్తర్", అనగా లావ్రాన్సు కూతురగు క్రిస్టిన్. నార్వే దేశపు రచయిత్రి సిగ్రిడ్ ఉండ్‌సెట్ దీనిని 1920 మొదలు 1922 వరకు ఏటికొక సంపుటముగా ప్రకటించెను. మధ్యయుగముల నాటి ఉత్తరదేశ జీవితమును చిత్రించిన ప్రతిభకే ముఖ్యముగా 1928లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది.

చారిత్రక నవల యనగానే రాజులును, కోటలును, యుద్ధములును మనకు స్ఫురించును. ఇందవి దూరపు ఉరుములవలె వినబడునంతే. కథ జరుగునది పదునాల్గవ శతాబ్దమున, కొండలోయలోని యొక పెద్ద రైతు గృహమున. పశువులు, పంటలు, పురుళ్లు, పెండ్లిండ్లు, మరణములు, నడుమున తాళపుచెవుల గుత్తి దాల్చిన యిల్లాలు: ఇదియే యిచటి చరిత్ర.

లావ్రాన్సు ధర్మపరుడు, క్రిస్టిన్ అనిన ఆయనకు ప్రాణము. సీమోనను యోగ్యుడగు యువకున కామెను నిశ్చయించెను. పెండ్లికి ముందు కొంతకాలము ఆస్లోలోని సన్యాసినుల మఠమున నుండబోయిన క్రిస్టిన్, అచట ఎర్లెండ్ అనువానిని చూచి మనసిచ్చినది. అతడు రూపవంతుడు, ధీరుడు. కాని యన్యుని భార్యను తెచ్చుకొని బిడ్డలను గన్నవాడు. తండ్రి యెంత నొచ్చుకొన్నను ఆమె పట్టు విడువలేదు. ఆ మొదటి స్త్రీ వీరి కన్నులయెదుటనే మరణించెను. తుదకు తండ్రి యొప్పుకొనెను. కన్యలకే తగిన బంగారు కిరీటమును శిరమున దాల్చి పెండ్లిపీటపై నిలుచునాటికి క్రిస్టిన్ గర్భవతి.

ఆ పెండ్లిరాత్రి నొక ఘట్టము కలదు. కూతురు చేసిన వంచనను గ్రహించి తండ్రి క్రుంగిపోవును. అప్పుడాతని భార్య, ఇన్నేండ్ల కాపురమున నెన్నడును విప్పని తన కన్నెనాటి రహస్యమును భర్తకు చెప్పివేయును. కూతురి కథయని చదువుచున్న మనకు, మాటాడక తిరుగుచుండిన ఆ తల్లి కథ హఠాత్తుగా తెరువబడును. పుస్తకము మూసిన పిమ్మటగూడ ఆ దంపతుల మౌనము మమ్ము వెన్నాడుచున్నది.

క్రిస్టిన్ తాను కోరినవానినే పొందెను. పాడుపడిన ఆతని యింటిని చక్కదిద్దెను. ఏడుగురు కుమారులను పెంచెను. తొలిచూలు బిడ్డ నెత్తుకొని నిదరోస్ పుణ్యక్షేత్రమునకు కాలినడకన బోయి, ఆ కిరీటమును దేవున కర్పించెను. ఐనను, తండ్రిని నొప్పించిన బాధయు, భర్తపై మాటిమాటికి రేగు కినుకయు ఆమెను విడువవు. భర్తను ప్రేమించుట మానలేదు, క్షమించుటయు నేర్వలేదు. రచయిత్రి యామెను దూషింపదు, వెనుకవేసికొని రాదు, ఉన్నదున్నట్లు చూపును. ఈ గ్రంథబలమంతయు నందే కలదు.

ఉండ్‌సెట్ తండ్రి ప్రాచీనవస్తు పరిశోధకుడు. ఆమె పదునొకండేండ్ల ప్రాయమున ఆయన గతించెను. పదునారవయేట నొక కార్యాలయమున ఉద్యోగమున జేరి, పదియేండ్లు పనిచేసెను. పిల్లల తల్లియై, ఇంటిపనుల నడుమనే యీ మహాగ్రంథమును రచించెను. కాబట్టియే యిందలి వస్త్రములు, పాత్రలు, పురిటిగది పుస్తకములనుండి తెచ్చినట్లుండక, చేత ముట్టినట్లుండును.

లోపము లేకపోలేదు. వేయి పుటలకు మించిన గ్రంథము. పేర్లు నోరు తిరుగనివి. మొదటి యేబది పుటలకు కొంత యోపిక వలయును. ఆంగ్లానువాదములు కలవు, టీనా నన్నలీ చేసినది సులభముగా సాగును.

1349లో నార్వేను ముంచిన మహామారితో కథ ముగియును. ఆ తుది ఘట్టమును మేము చెప్పము. క్రిస్టిన్ తన పెండ్లియుంగరము నిచ్చివేసి, వ్రేలిపై మిగిలిన గుర్తును చూచుకొనునని మాత్రము చెప్పెదము. పెండ్లియీడు కూతుండ్రుగల సోదరీమణులు దీనిని వారితో గూడ చదువుట మంచిది. తప్పెవ్వరిదని తల్లియు కూతురును ఒక్కమాట చెప్పజాలరు. కాని యంతవరకు చెప్పుకొనని మాటలు కొన్ని చెప్పుకొందురు.